వాయిదా రోజు కూలి ఎవరిస్తరు?

ఏ సోమవారమో మంగళవారమో పొద్దున పదిన్నరకు ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుకు ఒకసారి పోయి చూడండి. నల్లకోట్ల సందడి పక్కకు పెట్టి మెట్ల మీద, చెట్ల కింద, వరండా గోడకు ఆనుకొని కూసున్న ఆడవాళ్లను చూడండి. చంకన పిల్ల, చేతిల ప్లాస్టిక్ కవరు, కవరులో ఆధార్ జిరాక్సులు, ఆసుపత్రి చీటీలు, మడతపడ్డ ఒక పెళ్లి ఫోటో. వాళ్లల్ల మన తండాల ఆడబిడ్డలు ఎవరో గుర్తుపట్టడానికి మీకు ఎక్కువసేపు పట్టదు. పక్కనున్న తల్లితోని గోర్‌బోలిల మాట్లాడుతుంటది, వకీలు రాంగనే తెలుగులోకి మారుతది, లోపల జడ్జి ముందు నిలబడితే అసలు నోరే పెగలదు.

ఆమె కేసు నంబరుకు ముందు డీవీసీ అని ఉంటది. అంటే గృహహింస కేసు. 2005లో వచ్చి, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉన్న చట్టం. అందులో 12వ సెక్షన్ ఏమంటుందంటే, దరఖాస్తు పడ్డ 3 రోజుల్లోపల మామూలుగా మొదటి విచారణ పెట్టాలి, అక్కడి నుంచి 60 రోజుల్లో కేసు తేల్చడానికి మేజిస్ట్రేట్ ప్రయత్నం చేయాలి. మెట్ల మీద కూసున్న ఆ చెల్లెను "ఎన్ని రోజులైందమ్మా కేసు వేసి?" అని అడిగి చూడండి. రోజులల్ల చెప్పదు. "మా పోరడు అంగన్‌వాడీకి పోయేటప్పుడు వేసిన, ఇప్పుడు రెండో తరగతి" అంటది.

మేం ఈసారి భూమి గురించి రాయడం లేదు, రిజర్వేషన్ గురించి రాయడం లేదు. ఈ మెట్ల గురించి రాస్తున్నాం. చదివి, నచ్చకపోతే తిట్టండి.

దేవరకొండ, చందంపేట, డిండి దిక్కునుంచి బతుకుదెరువుకు వచ్చినోళ్లకు ఎల్బీనగర్ అంటే ఏందో చెప్పనక్కర్లేదు. సాగర్ రోడ్డు వచ్చి నగరానికి కలిసే చోటు అది. హస్తినాపురం, బీఎన్‌రెడ్డి నగర్, కర్మన్‌ఘాట్, మీర్‌పేట, ఆ చుట్టుపక్కల గల్లీల్లో ఒక్క గది కిరాయికి తీసుకొని బిల్డింగు పనులకు, ఆటోలకు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ పనికి పోయే మనోళ్లు ఎంతమందో. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో వంట చేసేది, బోళ్లు తోమేది మన అక్కలే. ఆ హాస్టళ్లలో ఉండి కోచింగులకు పోయేది మన బిడ్డలే. తండాలో మొగడు చెయ్యి చేసుకుంటే నాలుగిండ్ల అవతల ఎవరో ఒక అన్న, ఒక మామ ఉంటడు. అరుపు వినబడుతది. ఇక్కడ గోడ అవతల ఉండేది ఎవరో కూడా తెల్వదు. అరుపు వినబడితే ఓనరు వచ్చి "లొల్లి చేస్తే గది ఖాళీ చేయండి" అంటడు. మొగనికి కాదు, ఇద్దరికీ అంటడు. అందుకే ఆమె అరవదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం తెలంగాణలో పెళ్లయిన 18–49 ఏళ్ల స్త్రీలలో 36.9 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించారు. దేశం సగటు 29.3. మనది ముందుకుపోయిన రాష్ట్రం అని చెప్పుకునేటప్పుడు ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే మంచిది. అదే సర్వేలో ఇంకో సంగతి ఉంది. దేశవ్యాప్తంగా హింసకు గురైన స్త్రీలలో 14 శాతం మందే ఎవరినైనా సాయం అడిగారు. 77 శాతం మంది సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. అంటే ఎల్బీనగర్ కోర్టు మెట్లదాకా వచ్చిన ఆ చెల్లె చాలా దూరం నడిచి వచ్చినట్టు లెక్క. ఎక్కడెక్కడ ఆగి వచ్చిందో చూద్దాం.

మొదట ఆగింది మన దగ్గరే. నాయక్, కారోబారీ, నలుగురు పెద్దమనుషులు, రెండు దిక్కుల చుట్టాలు. కులపంచాయితీని మేం తక్కువ చేయం. కోర్టుకు పోయే తోవ తెల్వని కాలంలో మన తగువులు తీర్చింది అదే. ఒకప్పుడు మనలో పిల్లవాడి దిక్కునుంచి ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు కట్నం వచ్చింది, బండి వచ్చింది, ప్లాటు వచ్చింది. ఆచారం పోయింది గానీ పంచాయితీల కూసునే మనుషులు మారలేదు, అడిగే ప్రశ్న మారలేదు: "నువ్వేం చేస్తే కొట్టిండు?" ఆడమనిషి ఒక్కతి కూడా కూసోని పంచాయితీలో, తాగి కొట్టినోనికి జుర్మానా వేసి, ఆ జుర్మానా పైసలతోనే మళ్లీ తాగిన సందర్భాలు మీకు తెల్వవా? మాకు తెలుసు. మన సంఘాల మీటింగుల్లో ముందువరసల కూసునే కొంతమంది ఇంట్ల ఏం జరుగుతదో కూడా తెలుసు. రాజీ కుదిర్చినం అని సంతకాలు పెట్టించిన తెల్లకాగితం తర్వాత కోర్టులో మొగని వకీలు చేతిల ఎట్ల ఆయుధమైతదో చూసినం. "ఈమె అప్పుడే అన్నీ మాఫీ చేసింది సార్" అంటడు.

రెండో చోటు ఠాణా. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. 2023 ఆగస్టులో ఎల్బీనగర్ పోలీస్ స్టేషన్‌లో ఒక గిరిజన మహిళను రాత్రి నిర్బంధించి కొట్టారన్న ఆరోపణ వచ్చింది. హెడ్ కానిస్టేబుల్‌ను, ఒక మహిళా కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేశారు, హైకోర్టు తనంతట తానుగా ఆ విషయం విచారణకు తీసుకుంది. అది గృహహింస కేసు కాదు. కానీ ఆ వార్త మన గల్లీల్లో ప్రతి ఇంటికీ చేరింది. ఆ తర్వాత మొగడు కొట్టిన రాత్రి అదే ఠాణాకు పొమ్మంటే ఆమె ఎందుకు జంకుతదో పోలీసు అధికారులు అర్థం చేసుకోవాలి. నమ్మకం కుదరాలంటే ఫ్లెక్సీలు చాలవు.

ధైర్యం చేసి పోయిందనుకోండి, అప్పుడు కౌన్సెలింగు మొదలవుతుంది. సరూర్‌నగర్ మహిళా పోలీస్ స్టేషన్‌ అయినా ఇంకే ఠాణా అయినా మొదట వినబడే మాట అదే. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు పిలిపిస్తారు. కౌన్సెలింగు తప్పని మేం అనం. కలిసి బతకాలని ఆమే కోరుకుంటే అది పనికొస్తది. కానీ చట్టంలో కౌన్సెలింగుకు ఒక చోటు, ఒక పద్ధతి ఉంది. 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఆదేశిస్తాడు, తర్వాతి వాయిదా రెండు నెలలు దాటకూడదు. ఇక మీద హింస చేయనని అతను రాసివ్వాలని 2006 నియమావళి చెప్తుంది. ఠాణాలో జరిగే కౌన్సెలింగులో అతను ఏం రాసిస్తున్నడు? ఆమెతోనే "నాకు కేసు అవసరం లేదు" అని రాయించుకుంటున్నరు. అదే చట్టం 5వ సెక్షన్ ప్రకారం పోలీసు చేయాల్సిన పని వేరే: నీకు కోర్టుకు పోయే హక్కుంది, రక్షణ అధికారి ఉన్నారు, ఉచితంగా వకీలు దొరుకుతాడు, క్రిమినల్ కేసు కూడా పెట్టొచ్చు అని ఆమెకు చెప్పడం. ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టదు.

దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకు ఇంకో చిక్కు. రోడ్డుకు ఒక పక్క మలక్‌పేట ఠాణా, ఇంకో పక్క వేరే ఠాణా. 2013 ఫిబ్రవరి 21న బాంబులు పేలినప్పుడు, నడిచిపోయేంత దూరంలో జరిగిన రెండు పేలుళ్లకు ఒక కేసు మలక్‌పేటలో, ఇంకొకటి సరూర్‌నగర్‌లో నమోదయ్యాయి. బాంబులకే అట్లయితే దెబ్బతిన్న ఆడమనిషి సంగతి ఏంది? "మా పరిధి కాదమ్మా, ఆ పక్కకు పో" అన్న మాట విని మధ్యలో నుంచే తిరిగొచ్చేవాళ్లు ఉన్నారు. పరిధి ఏదైనా ఫిర్యాదు తీసుకొని ఎఫ్‌ఐఆర్ చేయాలి, తర్వాత బదిలీ చేసుకోవాలి. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కూడా అదే చెప్తుంది. డీవీసీకైతే ఇంకా సులువు. ఆమె తాత్కాలికంగా తలదాచుకున్న చోటు కూడా పరిధే. దేవరకొండ దగ్గర అత్తగారిల్లు ఉండి, కొట్టి తరిమితే అక్క ఇంటికి హస్తినాపురం వచ్చిందనుకోండి, ఇక్కడి కోర్టులోనే దరఖాస్తు వేయొచ్చు. 498ఏ విషయంలో కూడా 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది, ఆమె ఆశ్రయం పొందిన చోట కేసు పెట్టొచ్చని. ఇప్పుడది న్యాయ సంహిత 85వ సెక్షన్.

ఇక మన ఆడబిడ్డకు మాత్రమే ఎదురయ్యే ఒక అడ్డం గురించి. ఇది కొంచెం ఓపికగా చదవండి, వకీళ్లలో కూడా చాలామంది దీన్ని సరిగా చెప్పరు.

హిందూ వివాహ చట్టం 1955, సెక్షన్ 2, ఉపసెక్షన్ 2. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు ఆ చట్టం వర్తించదు. మన ఆచారాలు మనకు ఉండాలని పెట్టిన రక్షణ అది. మంచిదే. కానీ కోర్టులో అది ఎవరికి పనికొస్తున్నదో చూడండి. భార్య విడాకులకు పోతే "మేం ఎస్టీలం, ఈ చట్టం మాకు చెల్లదు" అని మొగడు అంటడు. ఇంకొకామెను తెచ్చుకొని ఇంట్ల పెట్టినప్పుడు భార్య కేసు పెడితే "మా ఆచారంల రెండో పెళ్లి ఉంది" అంటడు. 2001లో సుప్రీంకోర్టు ముందుకు, సంతాల్ తెగ భర్త మీద ఒక ఒరావ్ స్త్రీ వేసిన కేసు వచ్చింది. మొదటి పెళ్లి ఉండగా భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని ఆమె ఫిర్యాదు. హిందూ వివాహ చట్టం ఆ తెగకు వర్తించదు, రెండో పెళ్లిని నిషేధించే ఆచారం ఉందని ఆమె నిరూపించలేదు, కాబట్టి నేరం నిలబడదు అన్నారు. ఆచారం ఏందో నిరూపించే భారం ఆమె మీదనే పడింది. ఆచారం గురించి సాక్ష్యం చెప్పడానికి ఎవరు వస్తరు? మళ్లీ ఆ పెద్దమనుషులే.

ఇంకో దిక్కు 2021లో ఢిల్లీ హైకోర్టు, మీనా తెగ జంట విషయంలో, పెళ్లి హిందూ పద్ధతిలో జరిగింది కాబట్టి హిందూ వివాహ చట్టమే వర్తిస్తుందని చెప్పింది. అంటే పంతులు వచ్చి మంత్రం చదివితే ఒక న్యాయం, మన పద్ధతిల చేసుకుంటే ఇంకో న్యాయం అన్నట్టు తయారైంది. ఈ ముడి విప్పాల్సింది మన సమాజమూ, ప్రభుత్వమూ. అది ఇవాళ తేలేది కాదు.

కానీ ఇది గుర్తుపెట్టుకోండి: గృహహింస చట్టానికి ఈ గొడవతో సంబంధం లేదు. అది మతం చూడదు, తెగ చూడదు. మనోవర్తి అడిగే పాత 125వ సెక్షన్, ఇప్పటి 144, అది కూడా అంతే. 498ఏ కూడా అంతే. "మేం ఎస్టీలం, మాకు ఈ చట్టం వర్తించదు" అని ఎవరైనా డీవీసీలో వాదిస్తే అది చెల్లని వాదన. పెళ్లి రిజిస్టర్ కాలేదు, పత్రిక కొట్టించలేదు, ఫోటో లేదు అంటారు. పెళ్లిలాంటి సంబంధంలో ఒకే ఇంట్ల బతికినా సరే ఈ చట్టం రక్షణ ఇస్తది. రేషన్ కార్డుల ఇద్దరి పేర్లు, పిల్లల జనన ధ్రువపత్రంల తండ్రి పేరు, ఆసుపత్రి చీటీల "భర్త పేరు" అన్న గడి, గది కిరాయి చీటీ, ఇవన్నీ సాక్ష్యాలే. ఈ పత్రాల్లో ఒక్కటైనా అమ్మగారింట్ల పెట్టుకోమని మీ ఇంటి ఆడపిల్లలకు చెప్పండి. పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసిన చట్టం మన దగ్గర 2002 నుంచే ఉంది. తండాల్లో ఎంతమంది చేయించుకుంటున్నరు? మన సంఘాలు పెళ్లిళ్లకు పోయి చదివింపులు రాయించడమే కాదు, ఆ కాగితం పని కూడా చేయించొచ్చు.

ఇప్పుడు కోర్టు లోపలికి పోదాం.

డీవీసీ వేయాలంటే రక్షణ అధికారి గృహసంఘటన నివేదిక రాస్తారు. డీఐఆర్ అంటారు. ఏ రోజు, ఎక్కడ, ఏం చేసిండు, దెబ్బలా, తిట్లా, పైసలు ఇవ్వకపోవడమా, నగలు గుంజుకోవడమా, పడకగదిల బలవంతమా, అన్నిటికీ అందులో చోటుంది. మన రాష్ట్రంలో ఈ పని మహిళా శిశు సంక్షేమ శాఖ చూస్తుంది. జిల్లాకు ఒక అధికారి, ఆ అధికారికి ఇంకా పది బాధ్యతలు. అంగన్‌వాడీలు ఆమెవే, బాల్యవివాహాలు ఆమెవే, దత్తత ఆమెదే. 2025 మేలో సుప్రీంకోర్టు ఈ పరిస్థితి మీదనే ఆదేశాలిచ్చింది. జిల్లా, తాలూకా స్థాయిల్లో రక్షణ అధికారులను ఆరు వారాల్లో నియమించాలని, ఈ స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం అందుతుందని ప్రచారం చేయాలని చెప్పింది. చట్టం అమల్లోకి వచ్చిన 18 ఏళ్లకు ఈ మాట మళ్లీ చెప్పాల్సి వచ్చింది! డీఐఆర్ రాలేదని దరఖాస్తు ఆపే కోర్టులు ఉన్నాయి. ఆగాల్సిన పనిలేదు. 2022 మే 12న ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, డీఐఆర్ లేకున్నా మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వొచ్చని. మీ వకీలుకు ఈ కేసు పేరు చెప్పండి. తెలిసే ఉంటుంది, అయినా చెప్పండి.

అసలు కేసు నాని పోయేది నోటీసు దగ్గర. చట్టంలో 2 రోజులు. ఆచరణలో కానిస్టేబుల్ ఆ అడ్రసుకు పోతడు, "ఈ పేరుతో ఎవరూ లేరు" అని రాసుకొని వస్తడు. మొగడు గది మార్చి ఉంటడు, లేకపోతే పక్క గదిలనే ఉండి పలకడు. నోటీసు అందలేదు, వాయిదా. మళ్లీ నోటీసు, మళ్లీ వాయిదా. ఆఖరుకు అందినంక అతను వస్తడు, వకాలత్ వేస్తడు, కౌంటర్‌కు టైం అడుగుతడు. ఇంతలో జడ్జి గారికి బదిలీ. ఇట్ల ఒక ఏడాది.

ఈ ఏడాది ఆమె ఎట్ల బతకాలి? చట్టం రాసినోళ్లు ఇది ఆలోచించారు. 23వ సెక్షన్ అందుకే ఉంది. అతను రాకముందే, ఆమె అఫిడవిట్ మీదనే మేజిస్ట్రేట్ తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వొచ్చు. కొట్టవద్దని, ఆమె పనిచేసే చోటుకు రావద్దని, గదిలోనుంచి వెళ్లగొట్టవద్దని, ఖర్చులకు ఇంత ఇవ్వమని, పిల్లలను ఆమె దగ్గరే ఉంచమని. కిరాయి గది కూడా ఈ చట్టం దృష్టిలో ఇల్లే. ఆ ఇంట్ల ఉండటం కుదరకపోతే వేరేచోట అలాంటి గదికి అతనే కిరాయి కట్టాలని కూడా ఆదేశించొచ్చు. పోలీసు సాయం ఇవ్వమని ఠాణాకు చెప్పొచ్చు. అన్నీ ఉన్నాయి. కానీ తాత్కాలిక ఉత్తర్వు అడగకుండానే చాలా దరఖాస్తులు దాఖలవుతున్నాయి. అడిగినా "ఆయన కౌంటర్ రానీ" అని పక్కన పెట్టడం అలవాటైంది. మా దృష్టిలో అసలు సమస్య ఇదే, తక్కినవన్నీ దీని తర్వాతివే. మొదటి వారంలో రాని రక్షణ మూడో ఏడు వస్తే ఏం లాభం? అప్పటికి ఆమె ఆ ఇంటికి తిరిగి పోయి ఉంటది, లేదా కేసు వదిలేసి ఉంటది. ఆ కేసు అప్పుడు "రాజీ అయింది" అనే లెక్కలో చేరుతుంది.

వాయిదా అంటే ఒక రోజు కూలి. పొద్దున బండి కిరాయి, మధ్యాహ్నం పిల్లకు తిండి, ఆ రోజు రాలేదని మేస్త్రీ తిట్లు. నెలకు రెండు వాయిదాలైతే ఆమె నెల లెక్క తప్పుతది. 2015లో అప్పటి ఉమ్మడి హైకోర్టు ఒక తీర్పులో, డీవీసీలో ఇచ్చే ఉపశమనాలు సివిల్ స్వభావం గలవి, ప్రతి వాయిదాకు మనిషి స్వయంగా హాజరు కావాల్సిన పనిలేదని చెప్పింది. ఆ తీర్పును వాడుకొని మొగళ్లు రావడం మానేశారు. మన ఆడవాళ్లు మాత్రం ప్రతిసారీ వస్తూనే ఉన్నారు. ఎందుకంటే రాకపోతే కేసు కొట్టేస్తారని వకీలు భయపెట్టిండు. సాక్ష్యం చెప్పే రోజు, కౌన్సెలింగు రోజు తప్ప మిగతా రోజులు వకీలు పోతే చాలదా అని గట్టిగా అడగండి.

పైసల సంగతి. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తి, అప్పు వివరాలు అఫిడవిట్ మీద పెట్టాలని, మంజూరైన మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కకట్టాలని 2020 నవంబర్ 4న రజనేష్–నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జీతగాడైతే అతని యజమానే నేరుగా ఆమెకు కట్టేట్టు 20వ సెక్షన్ కింద ఆదేశించొచ్చు. మనోళ్లల్ల ఎక్కువమందికి యజమాని ఉండడు. ఆటో ఉంటది, అది తమ్ముని పేరు మీద ఉంటది. "నాకు పనే లేదు సార్" అని అఫిడవిట్ ఇస్తడు. అందుకే ఆమె తరఫున ఎవరో ఒకరు బండి నంబరు, ఫోన్‌పేలో పడే పైసల ఫోటోలు, ఊర్ల భూమి పాస్‌పుస్తకం నంబరు తెచ్చిపెట్టాలి. ఇది వకీలు చేయడు, అన్నదమ్ములు చేయాలి.

కోర్టుల మీద కోపంతో ఒక నిజం దాచకూడదు. 2024 డిసెంబర్ 10న, తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 498ఏ కేసును కొట్టేసింది. ప్రత్యేకమైన ఆరోపణ ఏదీ లేకుండా మొగని తరఫు చుట్టాలందరి పేర్లు ఇరికించే ధోరణి మీద కఠినంగా మాట్లాడింది. క్రూరత్వం అనుభవించిన స్త్రీ నోరు మూసుకోవాలని తాము అనడం లేదని కూడా అదే తీర్పులో చెప్పింది. కానీ వాట్సాప్‌లో తిరిగింది మొదటి ముక్కే. 2025 జులైలో వచ్చిన ఇంకో తీర్పు, 498ఏ కేసుల్లో రెండు నెలల దాకా అరెస్టు వద్దు, ఫిర్యాదు కుటుంబ సంక్షేమ కమిటీకి పంపాలి అన్న అలహాబాద్ హైకోర్టు మార్గదర్శకాలను అమల్లో ఉంచింది. ఇట్లాంటి కమిటీలనే 2017లో పెట్టమని, 2018లో వద్దని ఇదే కోర్టు చెప్పింది. మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాం: దెబ్బలు తిన్న మనిషికి రెండు నెలలు ఆగమనడం న్యాయం కాదు. ఆ రెండు నెలలూ ఆమె ఎక్కడుండాలో ఆ కమిటీ చెప్పదు.

అయితే దుర్వినియోగం అన్న మాట ఎక్కడ పుడుతుందో కూడా మనమే చూడాలి. కోర్టు బయట టైపు చేసే చోట ఒకే నమూనా ఫిర్యాదు ఉంటది. పేర్లు మారుతయి అంతే. అత్త, మామ, మరిది, ఆడబిడ్డ, ఆడబిడ్డ మొగడు, ఊర్ల ఉండే పెద్దబావ, అందరి మీద ఒకే వాక్యం. "అదనపు కట్నం కోసం శారీరకంగా, మానసికంగా వేధించారు." ఆ రాత్రి ఏం జరిగిందో అందులో ఉండదు. ఏ పండుగకు ముందు, ఎంత పైసలు అడిగిండు, దేంతో కొట్టిండు, ఏ ఆసుపత్రిల కుట్లు పడ్డయి, అప్పుడు ఎవరున్నరు. ఇవే కేసును నిలబెడతాయి. చేయని వాళ్ల పేర్లు చేర్చడం వల్ల చేసినవాడు తప్పించుకుంటడు. ఆమె చెప్పింది చెప్పినట్టు, ఆమె భాషలనే ముందు ఒక కాగితం మీద రాసుకొని, ఆ కాగితంతో వకీలు దగ్గరికి పొండి.

భాష గురించి చివరికి వచ్చినా ఇది చిన్న విషయం కాదు. గోర్‌బోలికి సొంత లిపి లేదు గానీ నోరుంది. పడకగదిలో జరిగిన హింస గురించి, తల్లికి కూడా చెప్పని మాట గురించి, పరాయి భాషలో నిండు కోర్టులో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? 16వ సెక్షన్ కింద విచారణ తలుపులు మూసి జరపమని అడగొచ్చు. దుబాసీ కావాలని అడగొచ్చు. రంగారెడ్డి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు మా విన్నపం ఇది: గోర్‌బోలి వచ్చిన పారాలీగల్ వాలంటీర్లను, వీలైతే ఆడవాళ్లనే, వారానికి కొన్ని రోజులైనా కోర్టు ఆవరణలో కూర్చోబెట్టండి. చదువుకొని ఖాళీగా ఉన్న మన ఆడపిల్లలు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలోనే ఉన్నారు, దూరం పోయి వెతకాల్సిన పనిలేదు. మేజిస్ట్రేట్లను అడిగేది ఇంకొకటి. తాత్కాలిక ఉత్తర్వు అడిగిన ప్రతి దరఖాస్తు మీద మొదటి విచారణ రోజే ఇస్తున్నామో లేదో, లేకపోతే ఎందుకు లేదో రెండు ముక్కలు రాయండి. కాదంటే కాదని రాసినా సరే, దాని మీద అప్పీలుకు పోవచ్చు. "వాయిదా" అని రాస్తే ఎక్కడికీ పోలేము.

వకీలుకు పైసలు లేవని ఆగకండి. న్యాయసేవల చట్టం 1987, 12వ సెక్షన్ ప్రకారం స్త్రీ అయితే చాలు, ఎస్టీ అయితే చాలు, ఆదాయం ఎంతని అడగకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. మన ఆడబిడ్డకు రెండు తీర్ల హక్కుంది. ఫోన్ నంబర్ 15100. రాత్రిపూట ఆపద అయితే 181. ఇచ్చిన వకీలు పట్టించుకోకపోతే మార్చమని రాసివ్వొచ్చు, అది ఆ వకీలును అవమానించడం కాదు. మొగడు ఎస్టీ, ఎస్సీ కాకుండా ఉండి, కులం పేరుతో తిట్టి కొడితే అట్రాసిటీ చట్టం వర్తిస్తుందేమో కూడా వకీలును అడగండి.

మీ గల్లీల ఎవరిదైనా డీవీసీ నడుస్తుంటే ఈ వారం వాళ్లింటికి పొండి. ఉత్తర్వు వచ్చి ఉంటే కాపీ చూపించమనండి. ఆ కాపీ ఆమెకు ఉచితంగా ఇవ్వాలి, 24వ సెక్షన్. ఇవ్వకపోతే కోర్టు ఆఫీసుకు ఆమె వెంట మీరూ పోయి అడగండి. అందులో మనోవర్తి ఏ తేదీ నుంచి ఇవ్వమన్నారో వేలు పెట్టి చదవండి. దరఖాస్తు తేదీ కాకుండా ఉత్తర్వు తేదీ రాసి ఉంటే, ఆ మధ్య నెలల పైసలన్నీ ఆమెకు పోయినట్టే. సెషన్స్ కోర్టుకు అప్పీలు చేయడానికి 30 రోజులే ఉంటయి. ఎన్ని రోజులు మిగిలినయో ముందు అది లెక్కపెట్టండి.